కారము రుచియా?

షడ్రసములను చెప్పునప్పుడు కటువును నాలుకకు అప్పగించి ముందుకు సాగుట మా పంతుళ్లకు పరిపాటి. చరకుని కటువు శొంఠి, పిప్పలి, మిరియములది. మిరప తరువాత అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి వెంట వచ్చినది. గుంటూరు సీమలో మాత్రము కటువన్న మిరపయే. ఒకనాడు తరగతిలో తొడిమలు తీయు కూలికి పోవు తల్లి బిడ్డ యొకతె, "కారం రుచే అయితే మా అమ్మ చేతులకెట్టా తెలుస్తుందండీ?" అని అడిగినది.

బెల్లము పట్టిన చేతికి తీపి తెలియదు. వేపాకు నూరిన చేతికి చేదు తెలియదు. మిరప చేతిని, కంటిని, ముక్కును గూడ మండించును. కావున అది రుచి కాదు. మన వాడుక భాష ఈ మర్మమును ఎన్నడో పట్టినది: నోరు మండుచున్నదనియే కదా అందుము!

1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందము దీని మూలమును కనుగొన్నది. నొప్పిని మోయు నాడుల కొసలయందు ఒక ప్రొటీను ద్వారము కలదు. అది సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి తెరచుకొనును. మిరపలోని కాప్సైసిన్ ఆ ద్వారమునకు దొంగతాళపుచెవి. తలుపు తట్టినది నిప్పో మిరపయో మెదడునకు కనబడదు. లేని నిప్పును ఉన్నదని యెంచి చెమట పోయించును, కన్నీరు కార్పించును. ఈ కృషికి జూలియస్ 2021లో నోబెలు బహుమానమును పంచుకొనెను. పక్షుల ద్వారము ఈ తాళపుచెవికి లొంగదు; చిలుకలు పండుమిరపను హాయిగా కొరుకుట అందుచేతనే.

ఇంద్రియము తగిలినంతనే జ్ఞానము కలుగదు, మనస్సు కూడవలెనని నైయాయికులందురు. నేటి శాస్త్రజ్ఞులును అవధానమును బట్టి నొప్పి హెచ్చుతగ్గులగునని ఒప్పుకొందురు. కాని నాడిలోని స్పందము "నా మంట"గా ఎట్లు మారునో ఇంకను తేలలేదు.

"వాళ్లకు అలవాటేలెండి" అని పెద్దమనుష్యులు కొందరు తేలికగా అనెదరు. మాటిమాటికి తగిలినచో నాడికొసలు కొంత మొద్దుబారుట నిజమే. కాప్సైసిన్ లేపనము నొప్పులకు మందగుట అందువలననే. అయినను మొద్దుబారిన చేయి బాధ లేని చేయి కాదు. పరుల బాధను మనము ప్రత్యక్షముగా ఎరుగము, అనుమానము చాలదు, వారి మాటయే ప్రమాణము. ఆ మాటను అడిగినవారెవరు? తల్లి చేతులకు అలవాటున్నదనుకొందము, ఆ చేయి సోకిన పసిబిడ్డ కంటికి అలవాటెక్కడిది? కాప్సైసిన్ నీట కరగదు, నూనెలో కరగును. అందుచే ఒట్టి నీళ్లతో కడిగిన లాభము లేదు. ముందు నూనె రాచి, పిమ్మట సబ్బుతో కడుగవలెను. చేతితొడుగులు మేలే గాని, తూకమును బట్టి కూలి ఇచ్చు చోట తొడుగులతో చేయి నెమ్మదించును, ఆ నష్టము కూలిదగును. ఆ తొడుగుల వెలయు, తగ్గిన తూకపు కూలియు కాయల యజమాని భరింపరాదా?