ఇవాళేం కూరండీ?

పెళ్ళయిన మగవాడికి రోజూ పొద్దున్నే పరీక్ష పెట్టే హక్కు ఈ లోకంలో ఒక్క భార్యకే ఉంది. మా ఇంట్లో ముప్ఫై ఏడేళ్ళుగా ప్రశ్నపత్రం మారలేదు. కాఫీ గ్లాసు చేతికిస్తూ మా ఆవిడ అడుగుతుంది: "ఇవాళేం కూరండీ?"

దీనికి "నీ ఇష్టం" అన్నామో, అయిపోయామే. పోనీ "వంకాయ" అంటే "మొన్నేగా చేశాను" అంటుంది. "బెండకాయ" అంటే "ఇంట్లో లేదుగా" అంటుంది. మూడోది ఆలోచించేలోపు "పోనీలెండి, నేనే చూసుకుంటాను" అని లోపలికి వెళ్ళిపోతుంది. అన్నీ తెలిసిన మనిషి మళ్ళీ నన్నడగడం ఎందుకో, ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పిన నాకు ఏనాడూ బోధపడలేదు.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాయడం వాడి ఉద్యోగం. రెండు పొద్దులు ఈ తతంగం చూసి, "మీ ఇద్దరికీ ఈ యాతనెందుకు మావయ్యా? సెల్‌ఫోన్లో పెట్టేస్తాను, అదే చెబుతుంది" అన్నాడు.

"చీటీలు వేసి తియ్యడమేగా! ఇదేం కొత్త కాదు," అని నేను పాఠం ఎత్తుకున్నాను. తమిళదేశంలో ఉత్తరమేరూరులో 920 ప్రాంతపు చోళ శాసనం ఉంది. గ్రామసభకు మనుషుల్ని ఎలా ఎన్నుకోవాలో అందులో చెక్కారు. ముందు అర్హత లేనివాళ్ళను ఏరేస్తారు. వయసు 35 దాటాలి, 70 దాటకూడదు, సొంత భూమి ఉండాలి. మిగిలినవాళ్ళ పేర్లు ఆకుల మీద రాసి కుండలో వేసి, ఓ పసివాడి చేత తీయిస్తారు.

"ఇదీ అంతే మావయ్యా. ముందు జల్లెడ, తరవాత చీటీ. కాకపోతే మన చీటీలకు బరువులుంటాయి" అన్నాడు వాడు.

వాడి లెక్క ఇదీ. కూరలన్నీ ఓ జాబితా. ఇంట్లో దేనికెంత గిరాకీ ఉంటే దానికంత అంకె. మా ఆవిడ చెబుతూంటే వాడు రాసుకున్నాడు: వంకాయకు 6, బంగాళాదుంపకు 5, బెండకాయకు 4, దొండకాయకు 3, ఆనపకాయకు 1, పొట్లకాయకు 1. మొత్తం 20. అంటే కుండలో ఇరవై చీటీలుంటే ఆరింటి మీద వంకాయ పేరున్నట్టు. ఫోను ఇరవై లోపల ఏదో ఒక అంకె తలుచుకుంటుంది. జాబితా పైనుంచి బరువులు కూడుకుంటూ కిందికి దిగుతుంది. ఆ అంకె ఎవరి వంతులో పడితే ఆ పూటకి ఆ కూర. ఇక జల్లెడంటారా, బుట్టలో లేని కూర అందులోనే పోతుంది. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో బంగాళాదుంప కూడా పోతుంది. నా షుగరు సంగతి డాక్టరుగారికి తెలుసు మరి!

వాడు ఊరెళ్ళాడు, ఫోను కొలువులో చేరింది. సోమవారం పొట్లకాయ అంది. మంగళవారం పొట్లకాయ అంది. బుధవారం దయతలచి బెండకాయ అంది. గురువారం, శుక్రవారం మళ్ళీ పొట్లకాయే. మా పెరటి పందిరికి వేలాడుతున్నాయి గనక లేవనడానికీ వీల్లేదు. పొట్లకాయ తిన్నగా సాగడానికి చివర చిన్న రాయి కడతామే, ఈ ఫోను ఏకంగా రుబ్బురోలే కట్టినట్టుంది.

మా ఆవిడ ఉండబట్టలేక వాడికి ఫోను చేసింది. "ఇరవైలో ఒక్క వంతన్నావు కదరా, ఐదురోజుల్లో నాలుగుసార్లా?"

వాడు కాసేపు చూసుకుని నవ్వాడు. "తప్పు నాదే అత్తయ్యా."

సంగతేమిటంటే, ఆ వారం బుట్టలో వంకాయ లేదు, బంగాళాదుంప ఆదివారందాకా రాదు. జల్లెడ పట్టాక మిగిలిన బరువు 9. వీడేమో మొత్తాన్ని జల్లెడకు ముందే కూడి పెట్టాడు. పాపం ఫోను ఇంకా ఇరవై చీటీలున్నాయనే అనుకుంటోంది. తొమ్మిది దాటి ఏ అంకె వచ్చినా అది ఎవరి వంతులోనూ పడక, జాబితా చివరికంటా జారి పొట్లకాయ నెత్తిన పడుతోంది. తొమ్మిదిలో ఒక్క వంతు రావలసిన కూర, ఇరవైలో పన్నెండు వంతులు కాజేసింది. ఏరేసిన తరవాతే కూడాలి, అదీ కిటుకు. వాడు రాసే పైథాన్ భాషలో 2016లో వచ్చిన 3.6 కూర్పు నుంచీ ఈ పనికి తయారు సరుకే ఉందట. వస్తువుల లెక్కకీ బరువుల లెక్కకీ పొంతన లేకపోతే అది అక్కడే మొరాయిస్తుందట. "ఇంటి పనే కదా అని చేత్తో రాసేశాను" అన్నాడు. చూశారా, ఇంటి పనంటే ఎంత అలుసో!

"సరిచేసేస్తున్నాను. ఇంకేమైనా కూరలు కలపనా అత్తయ్యా?"

మా ఆవిడ కొంచెం ఆగి, "కాకరకాయ" అంది.

నేను ఉలిక్కిపడ్డాను. "మనింట్లో ఎవరూ తినరు కదే!"

"నేను తింటానుగా" అంది, నావైపు చూడకుండానే.

అప్పుడు గుర్తొచ్చింది. కాపరానికి వచ్చిన కొత్తలో, వాళ్ళ పుట్టింటి పద్ధతని చింతపండూ బెల్లం వేసి కాకరకాయ చేసింది. ఒక్క ముద్ద తిని, "ఈ చేదు ఇంకెప్పుడూ చెయ్యకు" అని కంచం పక్కకి నెట్టాను. మళ్ళీ చెయ్యలేదు. తనకీ ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అంతమాత్రం కూడా అనుకోలేదు.

ఆనపకాయ కోసం మా ఇంట్లో ఎవరూ ప్రాణం పెట్టరు. అయినా దానికి ఒకటి ఉంది గనక, ఆలస్యమైనా ఏదో ఒకనాడు దాని వంతు వస్తుంది. కాకరకాయని నేను జల్లెడలోనే పారేశాను. జల్లెడలో పోయినదానికి వంతన్నదే లేదు.

"ఎంత పెట్టమన్నావు అత్తయ్యా?"

"ఒకటి చాల్లేరా."

ఒకటి పెట్టాడు. రెండు వారాలు గడిచాయి. న్యాయంగా వంకాయ వచ్చింది, దొండకాయ వచ్చింది, పొట్లకాయ సైతం ఒకసారి మర్యాదగా వచ్చి వెళ్ళింది. కాకరకాయ మాత్రం రాలేదు.

ఇవాళ పొద్దున్న, ఫోను చూడకముందే, పాత అలవాటుకొద్దీ కాఫీ ఇస్తూ అడిగేసింది. "ఇవాళేం కూరండీ?"

"కాకరకాయ" అన్నాను.

నావైపు చూసింది. "మొన్నేగా చేశాను" అనడానికి వీల్లేదు. "ఇంట్లో లేదుగా" అంటుందేమో అనుకున్నాను. అదీ అనలేదు. బుట్టలో అడుగునుంచి నాలుగు కాకరకాయలు తీసింది. రెండు వారాలుగా వాడిపోయినవి తీసేస్తూ, కొత్తవి కొంటూనే ఉందట.

చేదా? ఉంది మరి. మారు వడ్డించమని అడిగి మరీ తిన్నాను.