సెర్బేర్ స్టేషన్లో నాన్న

కారు తెల్లదని నాన్న అంటారు. బూడిద రంగని నేనంటాను. ఫొటోలు చూసి తేల్చుకుందామంటే వాటిలో సముద్రం ఉంది, ద్రాక్షతోటలున్నాయి, గాలికి చొక్కా ఉబ్బి నిలబడ్డ నాన్న ఉన్నారు. కారు మాత్రం ఎక్కడా లేదు.

2012 అక్టోబరు. నేను తులూజ్‌లో విమానాల సాఫ్ట్‌వేర్ పని మీద ఉన్నాను. అక్క పురుడని అమ్మ డాలస్ వెళ్ళింది. ఒక్కరే ఇంట్లో ఏం చేస్తారని నాన్నని నా దగ్గరికి రమ్మన్నాను. నాన్నది బందరు. రైల్వేలో గూడ్స్ క్లర్కుగా చేరి, సర్వీసులో ఎక్కువ భాగం గుంతకల్లులో చేసి అక్కడే రిటైరయ్యారు. ఆయనకి మధ్యధరా తీరం చూపించాలని నా సరదా. ఫ్రాన్స్‌లో పెర్పిన్యాన్ దగ్గర కారు అద్దెకి తీసుకుని, పిరనీస్ కొండలు సముద్రంలోకి దిగే చోట సరిహద్దు దాటి, స్పెయిన్‌లో కదకేస్ దాకా వెళ్ళాలని ప్లాను.

అద్దె కార్ల ఆఫీసులో ఉద్యోగి నా లైసెన్సునీ, అనంతపురం ఆర్టీవో ఆఫీసు ఇచ్చిన అంతర్జాతీయ పర్మిట్‌నీ పక్కపక్కన పెట్టి చూశాడు. క్రెడిట్ కార్డు మీద డిపాజిట్ పట్టాడు. స్పెయిన్‌లోకి తీసుకెళ్ళవచ్చని కాగితంలో ఉన్న చోట గీత గీశాడు. చివర్లో, బయట ఊగుతున్న చెట్లు చూపించి, తలుపు తీసేటప్పుడు చేత్తో గట్టిగా పట్టుకోండి, గాలి విరిచేస్తుంది అన్నాడు. ఆ గాలి పేరు ట్రామోంతాన్. వాయవ్యం నుంచి వచ్చి ఆ తీరమంతా ఊడ్చేస్తుంది.

తాళాలు చేతికి రాగానే నేను బయల్దేరబోయాను. నాన్న కదల్లేదు. "ఓపెన్ డెలివరీ తీసుకోమ్మా" అన్నారు. రైల్వేలో దెబ్బతిన్న పార్సిల్ వస్తే, క్లర్కు ఎదుట విప్పి, తూచి, తక్కువెంతో రాయించుకుని తీసుకునే పద్ధతి అది. నాన్న కారు చుట్టూ తిరిగి, చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని, ప్రతి గీతా వేలితో తడిమి, అదంతా ఆ కాగితం మీద గుర్తు పెట్టించారు. ఆ మనిషి విసుక్కోలేదు. విసుక్కున్నది నేను. వెనక ఇంకా ఇద్దరు నిలబడి ఉన్నారని నాకు ఒకటే ఇబ్బంది. ఆ వయసులో అలాంటివి చాలా పెద్ద విషయాలు.

ప్రతి రౌండ్‌అబౌట్ దగ్గరా నాన్న "కుడి, కుడి" అనేవారు. హైదరాబాదులో ఎడమ పక్క నడిపిన చెయ్యి నాది. ఆ మాట వింటే కాస్త ధైర్యంగా ఉండేది. ఆ సంగతి అప్పుడాయనకి చెప్పలేదు.

కొలియూర్‌లో ఆగాం. 1905 వేసవిలో మతీస్, డెరాఁ అక్కడుండి బొమ్మలు వేశారనీ, ఆధునిక చిత్రకళలో ఫోవిజం అక్కడే రంగు పోసుకుందనీ నేను చదువుకొచ్చాను. నాన్నకి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ముక్కు ఎగబీల్చి "నెత్తళ్ళు!" అన్నారు. నిజమే. ఆ ఊరు ఉప్పులో ఊరేసిన నెత్తళ్ళకి పేరుపడ్డది. చేపని ఒక వరస, ఉప్పుని ఒక వరస పేర్చి నెలల తరబడి ఊరనిస్తారు. తర్వాత ఆడవాళ్ళు ఒక్కొక్క చేపనీ చేత్తో విప్పి ముల్లు తీస్తారు. నాన్న ఆ చేతుల్నే చూస్తూ నిలబడిపోయారు. మతీస్ గురించి నేను చెప్పవలసింది సగంలో ఆగిపోయింది.

ఊరి మధ్య చిన్న శ్మశానం ఉంది. గేటు దగ్గర కొందరు పెద్దవాళ్ళు స్పానిష్‌లో మాట్లాడుకుంటుంటే లోపలికి వెళ్ళాం. స్పానిష్ కవి ఆంతోనియో మచాదో సమాధి. పక్కనే ఒక ఉత్తరాల పెట్టె. జనం ఆయనకి ఇప్పటికీ ఉత్తరాలు రాసి అందులో వేస్తారు. స్పెయిన్ అంతర్యుద్ధం చివర్లో, 1939 జనవరి 26న బార్సిలోనా ఫ్రాంకో సైన్యం చేతిలో పడింది. రెండు మూడు వారాల్లో దాదాపు అయిదు లక్షల మంది కొండలు దాటి ఫ్రాన్స్‌లోకి వచ్చారు. ముసలి తల్లితో ఈ ఊరు చేరిన మచాదో ఫిబ్రవరి 22న పోయాడు. మూడో రోజున తల్లి పోయింది. ఇదంతా అక్కడున్న ఒకాయన ఫ్రెంచిలో చెప్తుంటే నేను నాన్నకి తెలుగులో చెప్పాను. మేం అంతకుముందే దాటి వచ్చిన అర్జెలెస్ ఇసుకలో, చుట్టూ ముళ్ళతీగ కట్టి, పైన కప్పు లేకుండా వేలాది మందిని ఉంచారట. ఇప్పుడక్కడ సెలవులకి వచ్చేవాళ్ళ క్యాంపింగులు.

"వీళ్ళు ఏ దారిన వచ్చారు?" అని అడిగారు నాన్న.

"మనం వెళ్ళే దారినే. ఎదురుగా."

అక్కడి నుంచి రోడ్డు కొండ అంచున మెలికలు తిరుగుతుంది. వాలంతా రాతి గోడల మెట్లు, వాటి మీద మోకాలెత్తు ద్రాక్ష తీగలు, కింద సముద్రం. బన్యూల్స్ దాటాక ఏదో చోట ఆగి నీళ్ళు తాగాం. ఎక్కడో గుర్తు లేదు. నాన్న రెండు చేతుల్తో కారు తలుపు పట్టుకుని ఉండటం మాత్రం గుర్తుంది.

సెర్బేర్ నా జాబితాలో లేదు. ఫ్రాన్స్‌లో చివరి ఊరు, గుప్పెడు ఇళ్ళు. ఆ ఇళ్ళ పైన, ఊరికి ఏ మాత్రం పొంతన లేనంత పెద్ద రైల్వే యార్డు. "ఆపమ్మా" అన్నారు నాన్న. చీకటి పడేలోపు కదకేస్ చేరాలన్నాను. "వెళ్దాంలే. ఇంత చిన్న ఊరికి ఇన్ని లైన్లెందుకో చూడొద్దూ?"

ఎందుకో ఆయనకే ముందు అర్థమైంది. ఫ్రాన్స్ పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. స్పెయిన్‌ది 1668. మన బ్రాడ్‌గేజికి ఎనిమిది మిల్లీమీటర్లే తక్కువ. 1878లో ఇక్కడ లైను కలిసింది గానీ బండి అవతలికి పోలేదు. ఎక్కినవాళ్ళు దిగి మారాలి, సరుకు దించి మార్చాలి. వలెన్సియా నుంచి వచ్చే నారింజపళ్ళని ఒక బండిలోంచి ఇంకో బండిలోకి బుట్టలతో మోసింది ఆ ఊరి ఆడవాళ్ళు. 1906లో వాళ్ళు కూలి కోసం సమ్మె చేశారు. కాఫీ తాగిన చోట గోడ మీద వాళ్ళ పాత ఫొటో ఒకటి ఉంది. నాన్న కళ్ళద్దాలు మార్చుకుని దాని దగ్గరగా వెళ్ళి ఒక్కొక్క ముఖమే చూశారు.

అప్పుడు చెప్పారు గుంతకల్లు సంగతులు. బ్రాడ్‌గేజీ, మీటర్‌గేజీ రెండూ ఉన్న రోజులు. ఎండాకాలంలో వ్యాగన్ రేకు ముట్టుకుంటే చెయ్యి కాలేదట. వేరుశనగ బస్తాలు ఇటు నుంచి అటు మోసే హమాలీల భుజాల మీద కాయలు కాసి, పగిలి ఉండేవట. పనయ్యాక వ్యాగన్ నీడలో కూర్చుని జొన్నరొట్టె తినేవారట. లెక్క రాసుకునే నాన్నని పిలిచి ఒక ముక్క పెట్టేవారట. "రెండు పట్టాల మధ్య తేడా అంతా మనుషుల భుజాల మీదే పడేదమ్మా" అన్నారు. నేను ఆ ఊళ్ళో పుట్టి పెరిగాను. ఆ మాట వినడానికి సెర్బేర్ దాకా రావలసి వచ్చింది.

ఊరు దాటగానే కొండెక్కాం. పైన సరిహద్దు. నాన్న మా ఇద్దరి పాస్‌పోర్టులూ వీసా పేజీ దగ్గర తెరిచి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ వీసా కోసం బ్యాంకు కాగితాలు, పెన్షన్ కాగితాలు, ఇంటి పత్రాలు పట్టుకుని హైదరాబాదు వెళ్ళొచ్చిన మనిషి. పాడుబడ్డ కస్టమ్స్ గది వచ్చింది, వెళ్ళిపోయింది. స్పెయిన్‌లో షెంగెన్ ఒప్పందం అమలైన 1995 నుంచీ అప్పటిదాకా అక్కడ ఆపేవాళ్ళు లేరు. "ఎవరూ చూడరా?" అన్నారు. నేను నవ్వాను.

దిగువన పోర్ట్‌బౌ. శ్మశానం పక్కన కొండని తొలుచుకుంటూ సముద్రం వైపు దిగే తుప్పు రంగు ఇనుప మెట్ల దారి ఒకటుంది. 1994లో దానీ కరవాన్ కట్టిన స్మారకం, వాల్టర్ బెన్యమిన్ కోసం. మోకాళ్ళ నొప్పులని నాన్న పైనే ఉన్నారు. దిగాను. అడుగున అద్దం అడ్డం. దాని అవతల నీళ్ళు బండల మీద విరిగి పడుతున్నాయి. 1940 సెప్టెంబరులో ఆ యూదు రచయిత నాజీల నుంచి తప్పించుకుని, గుండెజబ్బుతో ఆగి ఆగి కొండ దాటి ఇక్కడికొచ్చాడు. ఫ్రాన్స్ విడిచి వెళ్ళే అనుమతి కాగితం లేదని స్పానిష్ పోలీసులు వెనక్కి పంపేస్తామన్నారు. ఆ రాత్రి హోటల్ గదిలో ప్రాణం తీసుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళు. తోడొచ్చినవాళ్ళని తర్వాత పోనిచ్చారు.

పైకొచ్చి ఇదంతా చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కాగితం ఒక్కటేనా అడ్డం?" అన్నారు. నేనేమన్నానో గుర్తు లేదు. బహుశా ఏమీ అనలేదేమో.

ఇంత హడావిడి పెట్టిన కదకేస్ నాకిప్పుడు తెల్లగోడలుగా, గాలి చప్పుడుగా మిగిలింది. తర్వాతి ఏడాది డిసెంబరులో పారిస్ నుంచి బార్సిలోనాకి నేరుగా రైళ్ళు మొదలయ్యాయి. అవి తీరం వదిలేసి కొండ కింద సొరంగంలోంచి వెళ్ళిపోతాయి. నేను ఫ్రాన్స్‌లోనే ఉండిపోయాను. రెసిడెన్స్ కార్డు మార్చుకునేందుకు ఫైలు ఒళ్ళో పెట్టుకుని ప్రిఫెక్చర్‌లో కూర్చున్న ప్రతిసారీ, ఆ రోజు నాన్న పాస్‌పోర్టులు ఎందుకు తెరిచి పట్టుకున్నారో తెలుస్తూ వచ్చింది. ఫోనులో నాన్న ఇప్పటికీ అడుగుతుంటారు, "ఆ ఊళ్ళో బళ్ళు ఆగుతున్నాయా?" అని. ప్యాసింజర్లు ఆగుతున్నాయి నాన్నా అంటాను.

తీరం చూడటానికి వెళ్తున్నాం, ఏం చూడాలని స్నేహితులు అడుగుతారు. చిన్న కారు తీసుకోండి, ముందే ప్రతి గీతా రాయించుకోండి, గాలిలో తలుపు పట్టుకోండి, మోటార్‌వే ఎక్కకండి అంటాను. సముద్రం ఎలాగూ కనిపిస్తుంది, దాన్ని చూడమని ఎవరూ చెప్పక్కర్లేదు. సెర్బేర్‌లోనూ పోర్ట్‌బౌలోనూ మాత్రం దిగి నడవండి. మనం ఒక పాట అయ్యేలోపు దాటేసే కొండని ఒకప్పుడు పసిపిల్లల్ని ఎత్తుకుని, మూటలు మోసుకుని జనం కాలినడకన దాటారు. దాటలేక అక్కడే పోయినవాళ్ళూ ఉన్నారు. ఆ దారిన హాయిగా కారు నడుపుకుంటూ వెళ్ళేవాళ్ళు వాళ్ళ కోసం ఒక గంట ఆగడం కనీస మర్యాద అని నా నమ్మకం. అది నాకు నేర్పింది నాన్న.