98 పెట్రోలూ, నాన్నగారి బుల్లెట్టూ

మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో ఓ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. బంకులో చూస్తే 91, 95, 98 అని మూడు రకాల పెట్రోలు. నంబరు పెరిగితే పవరూ పెరుగుతుందనుకుని రెండేళ్ళపాటు 98 పోశాను. మమ్మల్ని చూడ్డానికొచ్చిన నాన్నగారు నా లెక్క విని నవ్వేశారు.

"బుల్లెట్టు కిక్ కొట్టడం మర్చిపోయావట్రా?"

ఎలా మర్చిపోతాను! డీకంప్రెషన్ లివర్ పట్టకుండా కిక్కరు మీద నిలబడితే, నా బరువంతా వేసినా దిగేది కాదు. ఆ అడ్డుపడేదే కంప్రెషన్.

కాఫీ తాగుతూ నాన్నగారే చెప్పారు. బుల్లెట్టు 346 సీసీ అంటే పిస్టన్ కింది నుంచి పైకి తుడిచే చోటు. అది పైకొచ్చాక మిగిలే ఖాళీ వేరు. ఆ ఖాళీ 64 సీసీ అనుకుంటే, మొత్తం 410ని 64లోకి కుక్కినట్టు. నిష్పత్తి 6.4. ఖాళీని 43కి తగ్గిస్తే నిష్పత్తి 9 అవుతుంది. సీసీ మారదు. తిండి అంతే, ఒంటబట్టేది కాస్త పెరుగుతుంది. మరీ కుక్కితే మాత్రం పెట్రోలు దానంతటదే అంటుకుని ఇంజను టకటకా కొట్టుకుంటుంది. అలా అంటుకోకుండా ఓర్చుకోవడమే ఆక్టేన్ నంబరు.

ఆస్ట్రేలియా కార్లకి ఈ ఓర్పు సమస్య 1986లో వచ్చింది. కొత్త కార్లన్నీ సీసం లేని పెట్రోలుతోనే నడవాలన్నారు. దాని ఆక్టేన్ 91, పాత సూపర్ కన్నా తక్కువ. హోల్డెన్ వాళ్ళు తమ పాత 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను వదిలేసి, వీఎల్ కమడోర్‌లో నిస్సాన్ వారి 3.0 లీటర్ల ఇంజను పెట్టారు. పాతదాని ఫ్యూయల్ ఇంజెక్షన్ రకం ఇచ్చింది 106 కిలోవాట్లు. లీటర్లూ, ఆక్టేనూ రెండూ తగ్గినా కొత్తది 114 ఇచ్చింది! ఓవర్‌హెడ్ క్యామ్ ఉన్న కొత్త ఇంజను గాలి బాగా పీల్చుకునేది. అంటే పవరు ఒక్క అంకెలో ఉండదన్నమాట.

ఇంటికొచ్చి కారు మాన్యువల్ తీస్తే 91 చాలని స్పష్టంగా రాసుంది. కంప్యూటర్ల వాళ్ళందరికీ మాన్యువల్ చదవమని చెప్పే ఉద్యోగం నాది!

"పోన్లేరా, ఇంజనుకేం కాలేదు, నీ పర్సుకే" అన్నారు నాన్నగారు.

ఆయన మోకాళ్ళిప్పుడు కిక్కరుకి లొంగట్లేదు. బుల్లెట్టు మాత్రం అమ్మనివ్వరు. ఈసారి ఇంటికెళ్తే కిక్ నేనే కొట్టాలి. లివర్ పట్టుకోవడం మర్చిపోకపోతే చాలు.