మెట్టసీమ ముచ్చట్లు

నల్లగొండనుండి దేవరకొండ, డిండి మీదుగా అచ్చంపేటకు బోవు త్రోవలో ప్రయాణము చేయువారి కంటికి మొదట కానవచ్చునది పైరు కాదు, రాయి. ఒకదానిపై నొకటి పేర్చిపెట్టినట్లున్న గుండ్లు, ఎఱ్ఱని చల్క నేలలు, వానిలో నక్కడక్కడ ప్రత్తి, కంది, జొన్న. గట్లవెంట తంగేడు, గుట్టలవెంట సీతాఫలపు పొదలు. దేవరకొండ యొద్ద రేచర్ల పద్మనాయకుల నాటి కోటగోడలు కొండలవెంట ప్రాకుచు నేటికిని నిలిచియున్నవి. ఉమ్మడి నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదిన చిన్నజిల్లాలుగా విభజింపబడినవి. అయినను ఈ ప్రాంతపు పల్లెపడుచు నేడును “మాది పాలమూరు” అనియే చెప్పుకొనును. నిజాము మహబూబ్ అలీఖాను పేర 1890లో క్రొత్తపేరు వచ్చినను, పాతపేరు జనుల నోటినుండి పోలేదు.

కృష్ణానది ఈ రెండు మండలముల దక్షిణపుటంచున పారుచున్నది. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరమువలన మిర్యాలగూడ, హుజూరునగరు ప్రాంతములు పచ్చనయ్యెను. ఆ కాలువ యెక్కజాలని మెట్టలకు వానయే దిక్కు. ఏటికి సగటున 600 మొదలు 750 మిల్లీమీటర్ల వాన. అదియు మూడు నాలుగు నెలలలోనే కురిసి వెడలిపోవును. వాన తప్పిన యేడు పాలమూరు కూలీలు మూటముల్లె గట్టుకొని దేశదేశముల ఆనకట్టల పనికి, కాలువల పనికి తరలిపోవుట అందఱెఱిగిన కథయే. ఇట్టి సీమలో ఇల్లాలు తన నాలుగు రూకలు ఎచ్చట దాచుకొనవలెను? ఈ ప్రశ్న నూళ్లో నున్న మనకును చిన్నది కాదు.

దీనికి జవాబు నాకు బస్సులోనే వినవచ్చినది. 2023 డిసెంబరు 9వ తేదిన తెలంగాణమున ఆర్టీసీవారి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణ మేర్పడినది మొదలు, సంతకును పుట్టింటికిని బయలుదేరిన ఆడువారితో బండ్లు కిటకిటలాడుచున్నవి. నా ప్రక్కనున్న అవ్వ ఒడిలో గంప, గంపలో కాళ్లు కట్టిన కోడిపెట్ట. “ఏ ఊరు బిడ్డా మీది? పిల్లలెందరు?” అని మొదలిడి, “గొడ్డూ గోదా ఏమన్న ఉన్నయా?” అని యడిగెను. మాకు పశువులు లేవనియు, మిగిలినది బ్యాంకులో వేసుకొందుమనియు చెప్పితిని. ఆమె జాలిగా నన్ను జూచి, “బ్యాంకుల పైసలు పిల్లలు పెడ్తయా బిడ్డా?” అనెను. ముందు వరుసనుండి ఒక నడివయసు ఆమె వెనుదిరిగి, “పెట్టకుంటె పెట్టకపాయె అవ్వా, సచ్చిపోవు గద!” అనెను. బస్సంతయు నవ్వినది. ధనము నెట్లు కాపాడవలెనను శాస్త్రమంతయు ఈ రెండు మాటలలో నిమిడియున్నదని నాకు తోచినది.

అవ్వ లెక్క ఇట్టిది. కోడి 21 దినములు పొదిగిన పిల్లలు. కోళ్లమ్మిన మేకపిల్ల. మేక చూడి ఐదు నెలలు. ఒక్కొక్క ఈతకు తఱచు రెండు పిల్లలు. మేకలమ్మిన ఒక పెయ్య. పెయ్య ఆవైన ఇంట పాడి, చేనికి ఎరువు, కోడెదూడలు పుట్టిన అరక. ఈ మెట్లు ఎక్కుటకు పలక పుస్తకము అక్కఱలేదు. ఓపిక యొక్కటియే చాలును. కాని కొక్కెర రోగము వచ్చిన కోళ్లగంప ఒక్కవారములో ఖాళీ యగును. తొలకరి పచ్చిగడ్డి మేసిన కాలమున గొఱ్ఱెలకు చిటుకు రోగము తగులును. కావున వానలకు ముందే టీకా వేయించుట, నట్టలమందు త్రాగించుట ఈ పొదుపునకు మనము కట్టు కాపలా కూలి వంటిది. అది మఱచినవారికి వడ్డీయు లేదు, అసలును లేదు.

పెట్టుబడి లేనివారి కొక ఉపాయము కలదు. దానిని ఇచ్చట “పాలుకు ఇచ్చుట” యందురు. కలిగిన యామె తన మేకను లేనియామెకు మేపుటకు ఇచ్చును. తల్లి ఇచ్చినవారిదే, పుట్టిన పిల్లలలో చెఱిసగము. పత్రము లేదు, సాక్షి సంతకము లేదు. “మరి పిల్ల చచ్చినదని చెప్పి అమ్ముకొనినచో?” అని యడిగితిని. “మాట పోయినంక ఊర్ల ఎట్ల తిరుగుతది?” అని అవ్వ ఎదురు ప్రశ్న వేసెను. వదినె మఱదళ్లు, ఇరుగుపొరుగువారు ఇట్లు పాలు పంచుకొనినప్పుడు, మేకతోపాటు రాకపోకలును పెరుగును. పిల్ల పుట్టిన వార్త చెప్పుటకు వచ్చునామె జున్నుపాలు తెచ్చును. బదులుగా ఈమె గిన్నెలో ఏదో యొకటి పోసి పంపును. తెగిపోవలసిన చుట్టరికములు ఒక మేకవలన నిలిచినవనుట అతిశయోక్తి కాదు. చెడినవియు లేకపోలేదు, అందుచేతనే నోటిమాటతోపాటు చీటీమీద నొక వ్రాత యుండిన మంచిదని నేటి పడుచుల యభిప్రాయము.

అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటు నెక్కిన నల్లమల యడవి. ఆ పీఠభూమిమీద అమ్రాబాదు. ఇచ్చటి ఆవులు చూడముచ్చటైనవి. తెల్లని మేనిపై గోధుమవన్నె పొడలు చల్లినట్లుండును. వీనిని “పొడ తూర్పు” జాతి యందురు. లంబాడీలు మొదలగు పశుపాలకులు తరతరములుగా పెంచిన ఈ జాతికి 2020లో జాతీయస్థాయి గుర్తింపు లభించినది. పాలు కొద్ది, కాని రాళ్లగుట్టలనెక్కుటలోను, ఎండకు తాళుటలోను, కొద్దిపాటి మేతతో బ్రదుకుటలోను దీనికి సాటి లేదు. దూరపు జాతుల ఆవు బిందెడు పాలిచ్చుననుకొని తెచ్చుకొనినవారు, దానికి వలయు నీరును పచ్చిమేతయు ఈ మెట్టలలో దొరకక కష్టపడుదురు. పెట్టుబడి పెట్టువారు మొదట తమ నేలను జూచుకొనవలెనను నీతి ఇందున్నది.

గొఱ్ఱెల విషయమున ఇంకొక కథ కలదు. కురుమల దక్కని గొఱ్ఱెకు నల్లని ఉన్ని యుండును. ఆ ఉన్ని వడికి, నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, కూర్చుండుటకు చాప. ఉన్ని వడకుటలో స్త్రీల చేతిపని యెంతయో యుండెడిది. మాంసమునకు ధర పెరిగి ఉన్నికి గిరాకి తగ్గుటవలన, ఉన్నిలేని నెల్లూరు జాతి ఎక్కువై, గొంగడి నేయు ఇండ్లు తగ్గిపోయినవి. 2017 జూను 20వ తేదిన ప్రభుత్వము గొల్ల కురుమల కుటుంబములకు 20 గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున నూటికి 75 వంతుల రాయితీపై ఇచ్చు పథకమును ఆరంభించెను. మందలు పెరిగినవి, ఆడువారి చేతిలోని కదురు మాత్రము తిరిగి రాలేదు.

లెక్కలకు లొంగని సంగతియు నొకటి కలదు. ఈ పల్లెలలో ఆవుకు పేరుండును. పేరు పెట్టి పిలిచిన తల యెత్తి చూచును. కార్తికమాసమున పాలమూరు దగ్గఱ కురుమూర్తిస్వామికి జాతర జరుగును. స్వామి పాదుకలను ఊరేగించు ఉద్దాల యుత్సవమునకు వేలకొలది జనులు వత్తురు. ఆ జాతరలోనే పశువుల సంతయు జరుగును. చేతులార మేపిన కోడెను బేరగానికి పలుపు అందించి, ఇల్లు చేరువఱకు వెనుదిరిగి చూడని తల్లులను గూర్చి బస్సులోని ఒక చెల్లెలు చెప్పుచుండగా అందఱును మాట మానిరి. బిడ్డ ఫీజు కట్టవలసియున్నప్పుడు ప్రేమ అడ్డురాకూడదు. అయినను ప్రేమ లేనిచోట పశువు పెరగదు.

రెండవ పక్షము మాటయు వినవలెను. చచ్చిపోని పైసలను గూర్చి చెప్పిన ఆమె ఒక పొదుపు సంఘమున సభ్యురాలు. పది మొదలు ఇరువదిమంది స్త్రీలు కూడి నెలనెల పొదుపు చేసి, బ్యాంకునుండి అప్పు పొందు ఏర్పాటునకు నాబార్డువారు 1992లో నాంది పలికిరి. వారమువారము ఇంటిముందు నిలిచి అప్పు వసూలు చేసిన ప్రైవేటు సంస్థల ఒత్తిడికి తాళలేక జనులు మొఱపెట్టగా, 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వానిని అదుపు చేయుచు ఆర్డినెన్సు తెచ్చెను. ఆ దినములు జ్ఞాపకమున్న ఆమె, “సంఘంల అయితె అడిగేదీ మనమే, ఇచ్చేదీ మనమే అక్కా” అనెను. చిట్టీలు వేయు సోదరీమణులు రిజిస్టరైన చిట్టీయేనా యని విచారించుకొనుట యుక్తము. 1982నాటి చట్టము రిజిస్టరు కాని చిట్టీని నడుపుటను నిషేధించియున్నది.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్నను అవ్వ తుదకు వేసెను: “మేపేది నేను, అమ్మేది ఆయన. పైసలు ఎవలయి బిడ్డా?” దీనికి బస్సులో నెవ్వరును నవ్వలేదు. 1956నాటి హిందూ వారసత్వ చట్టము హిందూస్త్రీ తాను సంపాదించిన ఆస్తిపై ఆమెకే సంపూర్ణమైన హక్కు నిచ్చినది. కాని మేకకు పట్టా పుస్తకము లేదు. సంతలో పలుపు ఎవరి చేత నుండునో వారిదే బేరము. అందుచేత పశువునకు బీమా చేయించి చెవికి బిళ్ళ వేయించునప్పుడు కాగితముపై ఇల్లాలి పేరు వ్రాయించుట, పాలడబ్బు ఆమె ఖాతాలో పడునట్లు చేయుట చిన్నపనులుగా కనబడినను పెద్దఫలము నిచ్చును. మగవారితో తగవు పడనక్కఱలేదు. పని మొదటిదినముననే నిర్ణయించుకొనిన చాలును.

ఈ మెట్టల రైతు చేనంతయు ఒకే పైరు వేయడు. జొన్న సాళ్లనడుమ కంది సాలు వేయును. వాన ముందు తప్పిన జొన్న పోయినను, వెనుక కురిసిన జల్లుకు కంది నిలుచును. ఇంటిపొదుపునకు ఇంతకంటె మంచి పాఠము లేదు: కొంత పెరటిలో, కొంత సంఘములో, కొంత తపాలాకచేరిలోనో బ్యాంకులోనో. ఏ సాలు ఎండినను మఱియొక సాలు నిలుచును. కాని ఏ సాలునకైనను మీ పేరు ఉన్నదా లేదా యని, సోదరీమణులారా, నేటి సాయంకాలమే ఒకసారి పుస్తకము తీసి చూచుకొనుడు.