ఆరింటిలో ఒక్కటే

2024 మే నెల. ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం. కరెంటు లేదు. మా వారు అరుగు మీద మడత మంచం వేసుకుని కునుకు తీస్తున్నారు. నేను డాబా మీద మాగాయ ముక్కలు ఎండబోసి దిగి వస్తుంటే లోపలి గదిలో నుండి వెక్కిళ్లు వినిపించాయి. వెళ్లి చూద్దును గదా, మా మనుమడు బుజ్జి గోడవైపు తిరిగి పడుకుని ఏడుస్తున్నాడు. చేతిలో ఆ ఆటపెట్టె ఉంది.

ప్రియమైన చదువరులారా, పదకొండేళ్ల పిల్లవాడు ఆట కోసం ఏడిస్తే మనం ఏమంటాం? "ఆ పెట్టె అవతల పారెయ్" అంటాం. నేనూ రెండేళ్లుగా అదే అంటున్నాను. వాళ్ల అమ్మ, అంటే మా పెద్దమ్మాయి, కువైట్‌లో నర్సు. అల్లుడు కూడా అక్కడే డ్రైవరు. పిల్లవాణ్ని మా దగ్గర వదిలి వెళ్లేటప్పుడు ఏదో ఒకటి చేతిలో పెట్టాలి గనుక, పాత సామాన్లు అమ్మే చోట ఈ మడత పెట్టెను, అందులోకి ఒక బిళ్లను కొని పంపింది. వాడు అమ్మను అడిగి కొనిపించుకున్న వస్తువు అదొక్కటే. అందుకేనేమో, ఆ రోజు నా నోటికి ఆ మాట రాలేదు. పక్కన కూర్చుని, "ఏమైంది నాన్నా?" అన్నాను.

"అయిదోసారి ఓడిపోయాను అమ్మమ్మా" అన్నాడు.

నేను ముప్పయ్యేళ్లు పల్లెబడిలో పాఠాలు చెప్పినదాన్ని. ఎక్కడ తప్పు పోయిందో చూపించమనడం నాకు అలవాటు. చూపించమన్నాను.

ఆట పేరు పోకెమాన్ ఫైర్‌రెడ్. 2004లో జపానులో వచ్చింది. దీనికి మూలమైన ఆటలు రెండు 1996 ఫిబ్రవరి 27న వచ్చాయట. వాటిని తయారు చేసిన సతోషి తజిరి అనే ఆయన టోక్యో శివారులోని మచిదలో పెరిగాడు. చిన్నతనమంతా చెరువుల దగ్గర, పొలాల్లో పురుగులు పట్టుకుంటూ తిరిగాడు. తరువాత ఆ చెరువులూ పొలాలూ ఇళ్ల కింద పోయాయి. పురుగులు పట్టే ఆనందం పట్నం పిల్లలకు కూడా దొరకాలని ఈ ఆట తలపెట్టాడు. ఈ సంగతి తెలిశాక నా కోపం కొంత తగ్గింది. తూనీగ తోకకు దారం కట్టి ఊరంతా తిరిగినవాళ్లం మనం మాత్రం కామా?

ఆటలో ఒక కుర్రవాడు ఊరూరా తిరుగుతూ వింత జంతువులను పట్టి పెంచుతాడు. ఎన్ని పట్టినా వెంట ఆరింటినే తీసుకుపోవాలి. మిగిలినవి కంప్యూటరులోని పెట్టెల్లో ఉంటాయి. ఒక్కొక్కదానికి నాలుగు విద్యలు మాత్రమే గుర్తుంటాయి. అయిదోది నేర్పాలంటే ఒకటి మరిచిపోవాలి. జంతువులు రకరకాలు. నిప్పు పచ్చికను కాలుస్తుంది, నీళ్లు నిప్పును ఆర్పుతాయి, పచ్చిక నీళ్లను తాగేస్తుంది. ఇలాంటి రకాలు ఈ ఆటలో పదిహేడు ఉన్నాయి. ఒకరికి బలమైనది ఇంకొకరి ముందు నిలవదు. ఎనిమిది ఊళ్లలో ఎనిమిది మంది పెద్దలను గెలిచి, చివరికి నలుగురు మహావీరులను, ఆ తరువాత ఛాంపియన్‌ను వరుసగా గెలవాలి. వరుసగా అంటే మధ్యలో ఆసుపత్రికి వెళ్లి బాగు చేయించుకునే వీలు లేదు. ఎక్కడ ఓడినా మళ్లీ మొదటివారి దగ్గర నుండే.

బుజ్జి ఆ నలుగురి దగ్గర ఆగిపోయాడు. "నీ ఆరూ చూపించు" అన్నాను.

చూపించాడు. మొదటిది చరిజార్డ్, రెక్కలున్న నిప్పుబల్లి. లెవెల్ 61. దాని కింద లాప్రస్ అనే నీటి జంతువు, 25. ఆడిష్ అనే మొక్క, 14. స్నార్లాక్స్ అనే బాన పొట్టది, 30. మిగిలిన రెండింటినీ ఎందుకు వెంట తిప్పుతున్నాడో వాడికే తెలియదు.

"ఇవేం చేస్తాయిరా?"

"లాప్రస్ సముద్రం దాటడానికి అమ్మమ్మా. ఆడిష్ దారికి అడ్డమున్న చెట్లు కొట్టడానికి. స్నార్లాక్స్ బండలు తోయడానికి."

అంటే ఒకటి పడవ, ఒకటి కత్తి, ఒకటి గునపం. యుద్ధం మాత్రం చరిజార్డ్ ఒక్కటే.

ఇదెలా మొదలైందో కూడా చెప్పాడు. ఆట మొదట్లో మూడు పిల్లల్లో ఒకదాన్ని ఎంచుకోమంటారు. వీడు నిప్పుపిల్లను తీసుకున్నాడు. మొదటి ఊరి పెద్ద బ్రాక్ దగ్గర ఉన్నవి రాతి జంతువులు. లెవెల్ 12 జియోడ్యూడ్, 14 ఆనిక్స్. రాతి మీద నిప్పు పనిచేయదు. అక్కడ బుద్ధిమంతుడు పక్కనున్న దారిలో మంకీ అనే కోతిని పట్టి పెంచుకుంటాడు, దాని తన్నుకు రాయి ఆగదు. వీడు అలా చేయలేదు. ఉన్న ఒక్కదాన్నే పొదల్లో తిప్పి తిప్పి, అది లోహపు గోళ్ల విద్య నేర్చుకునే 13వ లెవెల్ దాటించి, బలంతో గెలిచాడు. రెండో ఊరిలో నీటి జంతువులు. మళ్లీ దానినే పెంచాడు. చదువరులారా, ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఎవరు యుద్ధంలో దిగితే అనుభవం వారికే వస్తుంది. ఇద్దరు దిగితే చెరి సగం. దిగనిదానికి సున్న. కాబట్టి గెలిచినకొద్దీ పెద్దది ఇంకా పెద్దదవుతుంది, చిన్నవి అక్కడే ఉండిపోతాయి. తరువాత వాటిని దింపాలంటే భయం వేస్తుంది.

ఈ పద్ధతిలో ఆట ముందుకు సాగదని కాదు, సాగుతుంది. ఎనిమిది ఊళ్లూ దాటాడు గదా! చివర్లో దెబ్బతింది. మహావీరుల్లో మొదటావిడ లొరెలై దగ్గర ఉన్నవన్నీ మంచు, నీటి జంతువులే. మూడుసార్లు అక్కడే ఓడాడు. నాలుగోసారి ఎలాగో దాటి బ్రూనో దగ్గర పడిపోయాడు. అయిదోసారి మూడో ఆవిడ అగాథా వరకు వెళ్లాడు. అక్కడ జరిగింది నాకు చూపించాడు. ప్రతి విద్యకూ ఒక లెక్క ఉంటుంది. నిప్పు జల్లే విద్య పదిహేనుసార్లు, మహాజ్వాల అయిదుసార్లు, అంతే. గాయాలకు మందు అంగట్లో కొనవచ్చు గాని అయిపోయిన విద్యను తిరిగి నింపే మందు అక్కడి అంగళ్లలో అమ్మరు. నాలుగు విద్యలూ అయిపోతే జంతువు ఊరుకోదు. వట్టి ఒంటితో పెనుగులాడుతుంది. ఆ పెనుగులాటలో ఎదుటివాడికి తగిలిన దెబ్బలో కొంత తనకూ తగులుతుంది. చరిజార్డ్ అలా తన దెబ్బలకు తానే నీరసించి పడిపోయింది.

"మరి మిగతావాటిని ఎందుకు పెంచలేదురా?"

"వాటికి చేతకాదు అమ్మమ్మా."

"చేతకాదని నీకెలా తెలుసు?"

కాసేపు ఆలోచించాడు. "ఎప్పుడూ దింపలేదు" అన్నాడు.

ఆ మాట దగ్గర నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ ఉదయమే నేను కువైట్‌కు ఫోను చేశాను. మా వారికి కుడికంటి శుక్లం ముదిరింది. ఆపరేషను చేయించాలి. "ఏం చేద్దామమ్మా?" అని పెద్దమ్మాయినే అడిగాను. డబ్బు పంపుతానంది, అక్కడి నుండే ఆసుపత్రికి ఫోను చేసి రోజు తీసుకుంటానంది. గొంతు బొంగురుగా ఉంటే ఏమిటని అడిగాను. వరుసగా రెండు డ్యూటీలు చేసిందట.

మాకు ఇద్దరు కొడుకులు కూడా ఉన్నారు. నడిపివాడు హైదరాబాదులో, చిన్నవాడు రాజమండ్రిలో టైల్స్ పనిలో. వాళ్లకు చెబుదామని మా వారు అంటే, "వాళ్లకేం చేతనవుతుందండీ" అన్నది నేనే. పదేళ్ల వయసులో కిరోసిన్ క్యూలో నిలబడింది పెద్దమ్మాయి. తమ్ముళ్ల ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకం పెట్టింది అది. వాళ్ల ఫీజులు, ఈ డాబా అప్పు తీర్చింది అది. ఒకసారి ఏదో పనికి పంపితే చిన్నవాడు డబ్బు పారేసుకుని వచ్చాడు. అంతే, మళ్లీ వాణ్ని పంపలేదు. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. ఇప్పుడు ముప్పయ్యారు.

ఆ సాయంత్రం చిన్నవాడికి ఫోను చేశాను. "నాన్నగారి కన్ను నువ్వే చూడాలిరా" అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. "అక్కతో చెప్పావా?" అన్నాడు.

ఇక్కడ బుజ్జి కూడా పని మొదలుపెట్టాడు. రోజుకు ఒక గంట అని ఒప్పందం. బలహీనమైనదాన్ని ముందు నిలబెట్టి, వెంటనే వెనక్కి పిలిచి బలమైనదాన్ని దింపితే అనుభవం ఇద్దరికీ పంచుతారు. అలా లాప్రస్‌ను పైకి తెచ్చాడు. 31వ లెవెల్‌లో దానికి మంచుకిరణం విద్య వచ్చింది. నాలుగో వీరుడు లాన్స్ దగ్గరి డ్రాగన్లు మంచుకు తట్టుకోలేవు. ఇన్నాళ్లూ పడవ అనుకున్నది! పెట్టెలో మరిచిపోయిన ఈవీ అనే కుక్కపిల్లలాంటి దానికి పిడుగురాయి కొనిపెడితే జోల్టియన్ అయింది. నీటి జంతువుల మీదకు మెరుపు. ఆడిష్ పెరిగి, ఆకురాయి పెట్టాక వైల్‌ప్లూమ్ అయి, బ్రూనో దగ్గరి రాతిపాములను పీల్చేసింది. మట్టిలో నుండి తల ఎత్తే డిగ్లెట్‌ను ఒకటి తెచ్చుకున్నాడు, దానికి కరెంటు తగలదు. స్నార్లాక్స్ ఎంత కొట్టినా పడదు. మాజికార్ప్ అనే చేప గురించి కూడా చెప్పాలి. అయిదు వందలకు ఒకడు అంటగడతాడు. చాలాకాలం ఎగిరి పడటం తప్ప దానికేమీ రాదు. ఓర్చుకుని 20వ లెవెల్‌కు తెస్తే భయంకరమైన గ్యారడోస్ అవుతుంది. బుజ్జి దాన్ని కొని, నీటికి లాప్రస్ ఉందని పెట్టెలో పెట్టాడు. ఒకే రకం రెండు ఎందుకన్నాడు. నాకైతే దానికి ఒక అవకాశం ఇవ్వాలనిపించింది గాని, ఆట వాడిది.

మొదట్లో అన్నీ ఓటములే. లాప్రస్ పడిపోయిన రోజు, "చరిజార్డ్‌నే దింపితే అయిపోయేది" అని విసుక్కున్నాడు. అదే రోజు చిన్నవాడు తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆధార్ కార్డు ఇంట్లో మరిచి, షుగరు పరీక్ష కాగితం ఆటోలో వదిలేసి, ఏ పనీ కాకుండానే తిరిగి వచ్చాడు. నా చెయ్యి ఫోను మీదకు పోయింది. కువైట్ నంబరు మొదటిదే కదా. బుజ్జి నావైపే చూస్తున్నాడు. ఫోను పక్కన పెట్టి, చిన్నవాడికి అన్నం వడ్డించాను.

రెండోసారి వెళ్లినప్పుడు కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వెళ్లాడు. నడిపివాడు అడగకుండానే ఎనిమిది వేలు పంపాడు. ఆపరేషను అయింది. నల్ల కళ్లద్దాలతో మా వారు ఆటో దిగుతుంటే చిన్నవాడు రెండు చేతులతో పట్టుకుని దింపాడు. కంటి చుక్కలు ఎన్ని గంటలకు వేయాలో కాగితం రాసి గోడకు అంటించాడు. నేను పది నిమిషాలు ఆలస్యం చేస్తే రాజమండ్రి నుండి ఫోను చేసి కోప్పడ్డాడు కూడా! వాడు నన్ను కోప్పడటం అదే మొదటిసారి.

జూన్‌లో బడి తెరిచే ముందు శుక్రవారం పెద్దమ్మాయికి సెలవు దొరికి వీడియోలో మాట్లాడింది. ఆపరేషను ఎప్పటికి పెట్టుకున్నారని అడిగింది. అయిపోయిందన్నాను. డబ్బు వద్దన్నాను.

"మరి ఎవరు చూశారమ్మా?"

"చిన్నవాడు."

"వాడా?" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అయితే ఈ నెల నేను ఒక డ్యూటీ తగ్గించుకోవచ్చునేమో" అంది.

ఈలోగా బుజ్జి ఫోను లాక్కున్నాడు. ముందు రోజు రాత్రే ఛాంపియన్‌ను గెలిచాడు. ఎవరెవరిని ఎవరు ఓడించారో వరుసగా చెబుతున్నాడు. లాప్రస్ అట, జోల్టియన్ అట, వైల్‌ప్లూమ్ అట. తన కూతురికి తెలియని పేర్లు వింటున్న అమ్మాయిలా మా అమ్మాయి వింటోంది. చివరికి తనకు తెలిసిన ఒక్క పేరు గుర్తుచేసుకుని అడిగింది.

"మరి నీ చరిజార్డ్ ఏదిరా?"

"ఉంది మమ్మీ, ఆరో చోట. కూర్చుని చూస్తోంది. అవసరమైతే దింపుతా."