సింగపూర్‌లో ప్రవాసుల వారాంతాలు

సింగపూర్ జనాభా దాదాపు 61 లక్షలు. వీరిలో సుమారు 19 లక్షల మంది పౌరులూ కారు, శాశ్వత నివాసులూ కారు. ఉద్యోగం, కూలిపని, చదువు, కుటుంబం వంటి కారణాలతో వచ్చి ఉంటున్నవారు. వీరి సెలవు రోజులు ఎలా గడుస్తాయన్నది ముందుగా చేతిలో ఉన్న పాస్‌ను, అంటే ప్రభుత్వ అనుమతిపత్రాన్ని బట్టి తేలుతుంది. ఎంప్లాయ్‌మెంట్ పాస్ ఉన్నవారు, జీతం నిర్ణీత స్థాయికి చేరితే, భార్యనో భర్తనో, పిల్లల్నో తెచ్చుకోవచ్చు. భవన నిర్మాణం, ఓడల మరమ్మతు, ఇంటిపని వంటి వాటికి వర్క్ పర్మిట్‌పై వచ్చినవారికి ఆ వీలు లేదు. అందువల్ల మొదటివారి వారాంతం సాధారణంగా శని, ఆదివారాలు రెండూ కుటుంబంతో గడుస్తుంది. రెండోవారికి చాలావరకు ఆదివారం ఒక్కటే దొరుకుతుంది. అది ఊరివాళ్లతో గడుస్తుంది.

ప్రవాసుల సాంఘిక జీవితం ఇక్కడ క్లబ్బులతో మొదలైంది. సింగపూర్ క్రికెట్ క్లబ్ 1852లో, టాంగ్లిన్ క్లబ్ 1865లో ఏర్పడ్డాయి. రెండూ బ్రిటిష్ అధికారుల, వర్తకుల కాలక్షేపానికి పుట్టినవే. హాష్ హౌస్ హ్యారియర్స్ అనే పరుగు బృందాల తీరు వేరు. 1938లో కౌలాలంపూర్‌లోని బ్రిటిష్ ఉద్యోగులు వారాంతపు తిండి, తాగుడు ఒంట్లోంచి దిగిపోవాలని సోమవారం సాయంత్రాలు పరుగు పెట్టుకున్నారు. ఒకరు ముందే వెళ్లి, రబ్బరు తోటల్లో, పొదల్లో కాగితం ముక్కలు చల్లుతూ దారి వేస్తారు. నడుమ దొంగదారులూ పెడతారు. మిగతావారు ఆ జాడ వెతుకుతూ పరిగెత్తుతారు. చివర అందరూ చేరి బీరు తాగుతారు. స్థాపకుల్లో ఒకరైన గిస్పర్ట్ 1942లో జపాన్ సేనలతో జరిగిన పోరులో సింగపూర్‌లోనే మరణించారు. సింగపూర్‌లో ఈ బృందం 1962లో మొదలైంది. తర్వాత ఇలాంటివి ప్రపంచమంతా వచ్చాయి. కొత్తగా వచ్చినవారికి ఎవరి సిఫార్సూ లేకుండా పరిచయాలు దొరకడం వీటి ఆకర్షణ.

ఆఫీసు ఉద్యోగుల కుటుంబాలకు నేడు క్లబ్బు పనిని చాలావరకు కాండో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్ల సముదాయం, చేస్తోంది. ఈత కొలను, బార్బెక్యూ స్థలం, ఫంక్షన్ రూమ్ ఆవరణలోనే ఉంటాయి. పిల్లల పుట్టినరోజులూ వీడ్కోలు విందులూ అక్కడే జరుగుతాయి. ఉద్యోగ ఒప్పందం ముగిస్తే మకాం మారుతుంది కాబట్టి వీడ్కోళ్లు తరచుగానే ఉంటాయి. బయట తినాలంటే తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లు ఉన్నాయి. 2020లో ఈ హాకర్ సంస్కృతికి యునెస్కో గుర్తింపు దక్కింది. తెలుగువారికి 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం ఉంది. ఉగాది వంటి పండగలకు అందరినీ కలుపుతుంది. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడిలో శనివారం రద్దీ. తమిళుల పురటాసి మాసంలో అది మరీ ఎక్కువ.

ఆదివారం సాయంత్రం అదే సెరంగూన్ రోడ్డు చుట్టుపక్కల, అంటే లిటిల్ ఇండియాలో, వర్క్ పర్మిట్‌వారి వారాంతం కనిపిస్తుంది. ఊరి శివార్లలోని డార్మిటరీల నుంచి తమిళ, బంగ్లాదేశీ, తెలుగు కార్మికులు ఇక్కడికి చేరతారు. ఇంటికి డబ్బు పంపడం, సరుకులు కొనడం, టెక్కా సెంటర్‌లో భోజనం, గడ్డిలో కూర్చుని కబుర్లు: ఇదీ వరస. 2013 డిసెంబర్ 8న ఒక తమిళ కార్మికుడు బస్సు కింద పడి మరణించాక ఇక్కడ అల్లర్లు చెలరేగాయి. 2015 నాటి చట్టం ఈ ప్రాంతంలో వారాంతాల్లో బహిరంగంగా మద్యం తాగడాన్ని నిషేధించింది. ఇంటిపని చేసేవారికి వారానికో సెలవు 2013లో నియమమైంది. అయితే సెలవుకు బదులు డబ్బిచ్చే వీలు మిగిలింది. 2023 నుంచి నెలకు కనీసం ఒక రోజు సెలవు తప్పక ఇవ్వాలి. సెలవు రోజున ఫిలిప్పీన్స్ మహిళలు ఆర్చర్డ్ రోడ్డులోని లక్కీ ప్లాజాలో చేరతారు. మయన్మార్ వారికి పెనిన్సులా ప్లాజా కూడలి.

ఊరు దాటకుండా చేసే విహారాల్లో నడక ముఖ్యం. మాక్‌రిచీ జలాశయం అడవిలో చెట్ల కొమ్మల ఎత్తున 250 మీటర్ల వేలాడే వంతెన ఉంది. నగరం లోపలికి వచ్చే మలేషియా రైళ్లు 2011లో ఆగిపోయాక, పాత పట్టాల దారి 24 కిలోమీటర్ల కాలిబాటగా మారింది.

పూర్తి రోజు దొరికితే పులావ్ ఉబిన్ దీవి. చాంగీ పాయింట్ రేవులో బమ్‌బోటు అనే చిన్న పడవకు వేళాపాళా లేదు. 12 మంది నిండగానే కదులుతుంది, పావుగంటలోపే దాటిస్తుంది. దిగగానే చిన్న పల్లె, చైనా నాటకాల వేదిక, అద్దె సైకిళ్ల దుకాణాలు. ఒకప్పుడు గ్రానైట్ తవ్విన గోతులు ఇప్పుడు చెరువులయ్యాయి. వాటి చుట్టూ కొంగలు గూళ్లు కట్టుకున్నాయి. తూర్పు కొసన చెక్ జావా తీరం ఉంది. దాన్ని పూడ్చి నేల చేయాలన్న ప్రభుత్వ ఆలోచన, ప్రకృతి ప్రేమికుల సర్వేల తర్వాత 2001–02లో వాయిదా పడింది. సైకిల్ బయట ఉంచి కాలి వంతెనపై నడవాలి. మడ చెట్లు, సముద్రపు గడ్డి, పగడపు ముక్కల తిన్నెలు పోటు తగ్గినప్పుడే బాగా కనిపిస్తాయి కాబట్టి, ముందు ఆటుపోట్ల వేళలు చూసుకుని బయల్దేరడం మేలు. చీకటి పడితే పడవలు పలచబడతాయి.

ఉబిన్ గ్రానైట్ వాడి కట్టిన కాజ్‌వే 1924లో పూర్తయింది. సుమారు కిలోమీటరు పొడవున్న ఈ కట్ట దాటితే మలేషియాలోని జొహోర్ బారు. తిండి, సెలూను, దంతవైద్యం, పెట్రోలు అక్కడ చౌక. సింగపూర్ కార్లు మాత్రం ట్యాంకు నాలుగింట మూడు వంతులు నింపుకునే సరిహద్దు దాటాలి. శుక్రవారం సాయంత్రం, శనివారం ఉదయం తనిఖీ వరసల్లో గంటలు గడుస్తాయి. గాజు ముక్కలతో అలంకరించిన అక్కడి రాజకాళి అమ్మన్ గుడి భారతీయ కుటుంబాల ప్రయాణాల్లో తరచుగా ఉంటుంది. హార్బర్‌ఫ్రంట్ నుంచి ఇండోనేషియాలోని బాటమ్‌కు ఫెర్రీలో గంటలోపు ప్రయాణం. బింటాన్ బీచ్ రిసార్టులకు తనా మేరా రేవు నుంచి వెళ్లాలి. ఈ ప్రయాణాలు ఎంత సులువన్నది పాస్‌పోర్టును బట్టి కూడా ఉంటుంది. భారతీయులకు మలేషియా 2023 డిసెంబర్ నుంచి 30 రోజులలోపు పర్యటనకు వీసా అవసరం లేకుండా చేసింది. బాటమ్‌లో దిగాక వీసా తీసుకోవచ్చు. సింగపూర్‌లో ఏడాదికి 11 ప్రభుత్వ సెలవులు. పండగ ఆదివారం పడితే సోమవారం సెలవిస్తారు. అలా వచ్చే మూడు రోజుల వారాంతాలకు ఫెర్రీ, విమాన టికెట్లు ముందే అయిపోతుంటాయి.