పేరు లేని మేళం

మొన్న టెక్కలిలో క్లాసు అయ్యాక ఒక కుర్రాడు అడిగాడు: "సార్, వాళ్లకి బీటిల్స్ ఉన్నారు. మన కాలాన్ని చెప్పే బ్యాండ్ ఏది?"

మనకి బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి ఉన్నాడు. గుడి పూజారి. జముకుల కథతో ఉద్దానాన్ని కదిలించాడు. 1969 డిసెంబరులో పోలీసులు చంపేశారు. 1972లో జననాట్యమండలి వచ్చింది. గద్దర్, వంగపండు, గోచీ, గొంగళి, గజ్జెలు, డప్పు. ఆ కాలం బ్యాండ్ అదే. నా థీసిస్‌లోనూ అదే రాశాను.

రాయనిది ఒకటుంది. మా అయ్య డప్పు కొట్టేవాడు. పగలు జీడితోటలో కూలి, రాత్రి మేళం. పెళ్లికీ చావుకీ అమ్మవారి సంబరానికీ ఆయన మంట దగ్గర డప్పు కాచుకుని నిలబడాల్సిందే. అన్నం మాత్రం పందిరి బయట, అందరూ తిన్నాక. వేదికల మీద మోగి విప్లవమైన డప్పు అంతకుముందే మా పేటల్లో మోగింది. అప్పుడు దాన్ని కళ అని ఎవరూ అనలేదు.

థీసిస్ ముందుమాటలో కృతజ్ఞతల కింద మా అయ్య పేరుంది. పాట గురించిన అధ్యాయంలో లేదు. ఆ తప్పు నాది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ పేట మేళంలో ఎవరెవరు కొట్టారో పేర్లు రాసిపెట్టండి. కాలాన్ని నిర్ణయించేది బ్యాండ్ ఒక్కటే కాదు, ఎవరి పేరు రాశామన్నది కూడా.

జై భీమ్.